మాట్లాడగలిగినంత వేగం

అలసట తగ్గాలంటే రోజూ నడవాలని డాక్టరు చెప్పినప్పుడు, ఆస్పత్రి గేటు నుంచి ఆయన గది దాకా నడిచినందుకే నేను అలసిపోయి కూర్చుని ఉన్నాను. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా ఆయన ఓపిగ్గా ఎదురుచూసి మళ్ళీ అదే మాట చెప్పాడు.

"ఆయాసం వస్తుందని కూర్చుంటే కాళ్ళలో సత్తువ పోతుందమ్మా. సత్తువ పోయిన కాళ్ళకు చిన్న పనికి కూడా ఎక్కువ గాలి కావాలి. మీ దగ్గర గాలి తక్కువుంది. అందుకే నడవాలి."

ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయాయనీ, ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదనీ, అదుపులో పెట్టుకుంటూ బతకాలనీ అంతకుముందే చెప్పి ఉన్నారు. మొట్టమొదటిసారి వెళ్ళినప్పుడు అడిగిన ప్రశ్న, ఇంట్లో ఎవరికైనా పొగ అలవాటుందా అని. నా పక్కన కూర్చున్న మా ఆయన తల వంచుకున్నాడు.

కాడుగోడిలో మాకు పిండిమిషను ఉంది. కింద మిషను, పైన ఇల్లు. మా ఆయన పెళ్ళికి ముందునుంచీ బీడీలు కాల్చే మనిషి. కానీ మిషను గదిలో కాలిస్తే పిండికి వాసన పడుతుందని ప్రతిసారీ బయటికి పోయి, చల్లగాలిలో నిలబడి కాల్చేవాడు. ఆయన బయట ఉన్నంతసేపూ లోపల జనం తెచ్చిన గోధుమలు, రాగులు, ఎండుమిరపకాయలు ఆ దుమ్ములో నిలబడి పట్టింది నేను. ఎందుకైనా మంచిదని ఆయన ఊపిరితిత్తులకు కూడా పరీక్ష చేశారు. వయసుకు తగ్గట్టు చక్కగా ఉన్నాయన్నారు. ఆ రిపోర్టు అందుకుంటూ ఆయన సిగ్గుపడినంతగా మా పెళ్ళిపీటల మీద కూడా సిగ్గుపడలేదు. ఆ రోజు నుంచి మళ్ళీ బీడీ ముట్టలేదు. మానేశానని నాతో చెప్పనూ లేదు. నేను అడగనూ లేదు.

ఆయాసమైతే జనానికి అర్థమవుతుంది. పక్కవాళ్ళకు వినపడుతుంది కాబట్టి. అలసట వినపడదు. స్నానం చేసి వచ్చి చీర కట్టుకునే ముందు కాసేపు మంచం మీద కూర్చోవాల్సి వచ్చేది. జడ వేసుకోవడానికి చేతులు పైకెత్తితే, సగం జడకే భుజాలు పడిపోయేవి. మా ఆడపడుచు ఒకసారి వచ్చి, నేను పొద్దున పది గంటలకు పడుకుని ఉండటం చూసి, "కూతురి పెండ్లి అయిపాయ, ఇంక ఏం పని ఉండాది లే" అని పోయింది. ఆమెకు జవాబు చెప్పాలని లేచి కూర్చునే లోపల ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

డాక్టరు చెప్పాడు కదా అని ఒకరోజు తెల్లవారి కాడుగోడి రోడ్డు మీదికి బయలుదేరాను. ఫుట్‌పాత్ మీద స్కూటర్లు నిలబెట్టి ఉన్నాయి. స్కూటర్లు లేనిచోట రాతిపలకలు లేవు. పలకలు ఉన్నచోట ఇడ్లీ బండి ఉంది. రోడ్డు మీదికి దిగితే కంకర లారీలు. వీధి చివరికి చేరేసరికి ముగ్గురు ఆటోవాళ్ళు ఆగి ఎక్కడికి పోవాలని అడిగారు. ఎక్కడికీ పోవడం లేదు, ఊరికే నడుస్తున్నానని చెప్పడానికి నా దగ్గర ఊపిరి లేదు. మూడో ఆటో ఎక్కి ఇంటికొచ్చాను. ఆరోగ్యం కోసం నడిచిన మొదటి రోజంతా పడుకునే ఉన్నాను.

ఈ సంగతి విని మా అమ్మాయి ఫోన్ చేసింది. అది వైట్‌ఫీల్డ్‌లో ఉంటుంది. భార్యాభర్తలిద్దరికీ కంపెనీ ఉద్యోగాలు.

"అమ్మా, మా అపార్ట్‌మెంట్‌లో వాకింగ్ ట్రాక్ ఉంది కదా. చుట్టూ చెట్లు, మధ్యమధ్య బెంచీలు. నాన్న నిన్ను పొద్దున స్కూటర్ మీద దింపితే చాలు."

"మీ అత్తగారి ఇంటికి దినమూ రావల్లనా నేను?"

"అత్తగారి ఇల్లేంటమ్మా, నా ఇల్లు కూడా."

దాని ఇల్లే, కాదనను. కానీ ఆడపిల్ల తల్లి రోజూ పొద్దున్నే వియ్యాలవారి గుమ్మం ముందు దిగితే ఎలా ఉంటుందో దానికి తెలియదు. పైగా ఆ ఇంట్లో మా వదిన ఉంది.

వదిన అంటే మా అల్లుడి తల్లి, నా వియ్యపురాలు. గోదావరి వైపు మనిషి. అక్కడ ఏదో బడిలో చాలాకాలం తెలుగు టీచరుగా పనిచేసి, భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. పెళ్ళిచూపుల రోజున మా ఇంట్లో కూర్చుని, మా మాటలు కాసేపు శ్రద్ధగా విని, "మీరు ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారండీ?" అని అడిగింది. "తెలుగే" అన్నాను. "అలాగా" అంది ఆమె. ఆ 'అలాగా'ను నేను జాగ్రత్తగా దాచుకున్నాను. ఆమె కూడా ఏదో దాచుకుందని తర్వాత తెలిసింది. మేము వదిన వరసైన ఎవరినైనా 'వదినా' అనే పిలుస్తాం, గౌరవం గొంతులో ఉంటుంది. ఆమె మాత్రం నేను 'వదినగారూ' అనడం లేదేమని పెళ్ళయినప్పటి నుంచీ ఎదురుచూస్తూ ఉందట.

అయినా ఊపిరి కావాలి కాబట్టి వెళ్ళాను. ముందు ఆస్పత్రిలో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి కొన్నాళ్ళు నేర్పించింది. చిన్న పిల్ల, కన్నడంలో మాట్లాడేది. నడకకు ముందు మందు పీల్చుకోవడం, కడుపునిండా తిని నడవకపోవడం, ఆయాసం రాగానే ఆగి, పెదవులు సున్నాలా చుట్టి వేడి కాఫీ ఊదినట్టు నెమ్మదిగా గాలి వదలడం, కుదుటపడ్డాక మళ్ళీ బయలుదేరడం. ఇవన్నీ తేలికే. ఎంత వేగంగా నడవాలి అన్నదే నాకు తెలిసేది కాదు.

"దానికి గడియారం వద్దు ఆంటీ" అంది ఆ పిల్ల. "నడుస్తూ మాట్లాడగలగాలి. పాట పాడగలిగారంటే మరీ నెమ్మదిగా పోతున్నట్టు. నోట మాటే రాలేదంటే మరీ వేగం. మాట్లాడుతూ మధ్యలో ఊపిరి కోసం కాస్త ఆగాల్సి వస్తే అదే సరైన వేగం."

"ఎవరితో మాట్లాడేది?"

"ఎవరైనా తోడు ఉంటారు కదా ఆంటీ."

ఎవరున్నారు? అమ్మాయి, అల్లుడు పొద్దున లేస్తే కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. మా ఆయనతో నడిస్తే నేను మాట్లాడగలుగుతున్నానో లేదో తేలదు, మేమిద్దరం మామూలుగానే మాట్లాడుకోం. అప్పుడు మా వదిన, ఎవరూ అడగకముందే, "నేనున్నానుగా, నేను నడిపిస్తాను వదినగారిని" అంది.

మొదటిరోజు ఆమె తెల్ల బూట్లు వేసుకుని, చేతికి పెద్ద గడియారం పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని తయారైంది. నేను మొదటి బెంచీ చేరేసరికి ఆమె ట్రాక్ అంతా ఒకసారి తిరిగొచ్చి నా వెనకనుంచి నన్ను దాటుకుని పోయింది. పోతూ పోతూ, "కానివ్వండి, కానివ్వండి" అంది. రెండోసారి దాటినప్పుడు, "చేతులు ఊపాలండీ" అంది. మూడోసారి ఏమందో వినపడలేదు, నేను బెంచీ మీద కాఫీ ఊదుకుంటున్నాను.

మా అమ్మాయి ఆమెకు నచ్చజెప్పింది. నడుస్తూ మాట్లాడటం ముఖ్యమట అత్తయ్యా, పక్కపక్కనే నడవాలట అని. ఆమె వెంటనే ఒప్పుకుంది. మాట్లాడాల్సింది నేను అన్న సంగతి మాత్రం ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేరు. మరుసటి రోజు నుంచి ఆమె నా పక్కన, నా అడుగులో అడుగేసుకుంటూ, మొదటి బెంచీ నుంచి చివరి బెంచీ దాకా మాట్లాడింది. ఆమె పనిచేసిన బడి, ఆ బడిలో హెడ్మాస్టరు, ఆ హెడ్మాస్టరుకు సంధులు రాకపోవడం. వాళ్ళాయన చట్నీలో కొబ్బరి పడితే తినకపోవడం. ఆవకాయకు మీరు ఆవాలు ఎక్కడ కొంటారని అడిగి, నేను నోరు తెరిచేలోపే తాము ఎక్కడ కొనేవాళ్ళో చెప్పడం.

నాకున్న ఊపిరికి 'ఊఁ' అనడం ఒక్కటే కుదిరేది. బాగా కుదిరిన రోజు 'అవునా' అనేదాన్ని.

ఒకరోజు నేను ఇంకా బెంచీ మీద ఉండగా, కొంచెం దూరంలో ఆమె తోటి ఆడవాళ్ళతో చెప్పడం విన్నాను. "మా వదినగారు చాలా నెమ్మదస్తురాలండీ. ఇన్నాళ్ళైంది, ఒక్క ఎదురుమాట ఎరగను."

ఇది ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన పిండి డబ్బా కింద పెట్టి నవ్వాడు. "నువ్వా? ఊరికే ఊఁ కొట్టినావా? ఇది నేను నమ్మల్లనా?" అన్నాడు. మా వీధిలో నా గొంతు గురించి అందరికీ తెలుసు. మిరపకాయలు పట్టిన మిషనులో వెంటనే గోధుమలు పొయ్యమని తొందరపెట్టేవాళ్ళు నేను లోపలుంటే అడిగేవాళ్ళే కాదు, ఆయన ఒక్కడే ఉన్న సమయం చూసుకుని వచ్చేవాళ్ళు. అలాంటి నాకు వైట్‌ఫీల్డ్‌లో సాధువని పేరొచ్చింది. ఊపిరి లేకపోవడాన్ని మంచితనమని అనుకునేవాళ్ళు ఉంటారని అప్పుడే తెలిసింది.

నెలలు గడిచాయి. ఎప్పుడు ఏది మారిందో చెప్పలేను. ఒకరోజు మొదటి బెంచీ దగ్గర కూర్చోవడం మరిచిపోయాను. మరొకరోజు అద్దం ముందు నిలబడి జడ చివరిదాకా అల్లి రబ్బరుబ్యాండు వేశాక గుర్తొచ్చింది, మధ్యలో చేతులు దించలేదని. మా ఆయన్ని పిలిచి జడ చూపించాను. ఆయనకు ఏం చూడాలో తెలియక, "బాగుండాది" అన్నాడు.

మాటలు కూడా పెరిగాయి. 'ఊఁ' పోయి, "అట్ల కాదు వదినా" వచ్చింది. అది రావడం మా వదినకు అంతగా నచ్చినట్టు లేదు. ఆవకాయలో వెల్లుల్లి వేయరాదని ఆమె అంటే, మేము వేస్తామని నేను అన్నాను. ఆమె ఒక క్షణం ఆగి నా ముఖంలోకి చూసింది. తరగతిలో ఎప్పుడూ మాట్లాడని పిల్ల హఠాత్తుగా లేచి నిలబడితే టీచరు చూసే చూపు అది.

ఒక ఆదివారం మనవరాలు కూడా మాతో వచ్చింది. యూకేజీ చదువుతోంది. నన్ను అవ్వా అంటుంది, ఆమెను నానమ్మా అంటుంది. పరిగెత్తుతూ చెప్పు ఒకటి జారవిడుచుకుని, వెనక్కి చూపించి, "అవ్వా, నా చెప్పు ఆడ ఉండాది" అంది. నాతో మాట్లాడేటప్పుడు నా మాటే మాట్లాడుతుంది.

"ఉండాది కాదమ్మా" అంది మా వదిన. "అక్కడ ఉంది అనాలి. ఉండాది అనేది మోటుమాట."

ఆమె మామూలుగానే అంది. పిల్లల తప్పులు దిద్దడం ఆమెకు చేతి అలవాటు లాంటిది. కానీ నాకు ఎక్కడో తగిలింది. నడుస్తూనే మొదలుపెట్టాను.

"వదినా, మా అవ్వ, వాళ్ళ అవ్వ, వాళ్ళకు ముందు ఇంకా ఎందరో ఈ ఊర్లోనే పుట్టి ఈ ఊర్లోనే పోయిరి. చుట్టూ కన్నడం, ఆ పక్క తమిళం, ఈ పక్క ఉర్దూ. మాకు బడి లేదు, తెలుగు పుస్తకం లేదు, తెలుగులో రాసిన బస్సు బోర్డు గూడా లేదు. ఊరికే నోట్లో పెట్టుకోని కాపాడుకున్నాం ఇన్ని తరాలు. మీకు బడి ఉండె, పుస్తకాలు ఉండె, తెలుగు చెప్పినందుకు జీతం గూడా ఇస్తిరి. ఇప్పుడు మీ కొడుకు ఇంట్లో పొద్దున లేస్తే ఏం మాట్లాడతాండాడో రొంత విని చూడండి. పాలు కావల్లంటే ఇంగ్లీషు, అన్నం కావల్లంటే ఇంగ్లీషు. మా ఉండాది మోటయితే మోటే కానీ. ఉండాది గదా!"

ఈ మాటంతా అయ్యేసరికి మేము మలుపు దాటి రెండో బెంచీ కూడా దాటేశాం. అప్పుడు తట్టింది నాకు, ఎక్కడా ఆగలేదని. కోపం ఒక్కసారిగా పక్కకు పోయి, ఆశ్చర్యం వేసింది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. ఊపిరి వేగంగానే ఉంది, కానీ అందుతోంది.

మా వదిన వెనక ఆగిపోయి ఉంది. "మీకు ఆయాసం కదండీ?" అంది, మోసపోయినదానిలా.

మరుసటి వారం ఆస్పత్రికి వెళ్ళాం. ఫిజియో అమ్మాయి, "మాట్లాడగలుగుతున్నారా ఆంటీ?" అని అడిగింది. నాకంటే ముందు మా అమ్మాయి జవాబు చెప్పింది. "మాట్లాడుతోంది. మాట్లాడకూడనివి కూడా మాట్లాడుతోంది."

"ఆగకుండానా?"

"అస్సలు ఆగకుండా."

"సూపర్ ఆంటీ!" అంది ఆ పిల్ల.

మా వదినకు మోకాలు నొప్పి వచ్చింది. అలా అని మా అమ్మాయి చెప్పింది. ఇకమీదట పొద్దున నడకకు రాలేనందట. సాయంత్రం మాత్రం ఆమె తెల్ల బూట్లతో ట్రాక్ మీద కనపడుతోందని కూడా అదే చెప్పింది.

"సారీ చెప్పమ్మా" అని బతిమాలింది. "ఇంట్లో ఉండేది నేను."

"నేనేం అబద్ధం చెప్పినానా?"

"నిజం కాబట్టే సారీ చెప్పమంటున్నా."

నేను చెప్పలేదు. ఒక్కదాన్నే నడిచాను. ఒంటరిగా నడిస్తే హాయిగా ఉంటుందనుకున్నాను. హాయిగానే ఉంది, ఒకటి రెండు రోజులు. తర్వాత చూస్తే నా వేగం నాకే అంతుపట్టడం లేదు. ఆమెకు చెప్పాల్సిన జవాబులు గుర్తొస్తే కాళ్ళు పరుగులాంటిది అందుకుంటాయి, ఆయాసంతో బెంచీ మీద పడతాను. ఏమీ గుర్తు రాకపోతే కాళ్ళు ఈడుస్తూ పోతాను. ట్రాక్ మీద మిగతావాళ్ళంతా చెవుల్లో ఏదో పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ నడుస్తారు, పక్కనున్న మనిషితో మాత్రం మాట్లాడరు. సరైన వేగం తెలుసుకోవాలని నాలో నేనే పైకి మాట్లాడుకుంటూ నడిచి చూశాను. సెక్యూరిటీ అతను దగ్గరికొచ్చి, ఎవరినైనా పిలవాలా అని మర్యాదగా అడిగాడు.

చలికాలం వచ్చింది. జలుబు మొదలై ఛాతీలోకి దిగింది. ఆస్పత్రిలో చేర్చారు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టి కొన్నాళ్ళు ఉంచి పంపారు. ఇంటికొచ్చేసరికి నేను సంపాదించుకున్నదంతా పోయింది. స్నానం చేసి వస్తే మళ్ళీ మంచం కావాలి. జడ మళ్ళీ సగం దగ్గర ఆగింది. ఇంట్లోనే కొద్దికొద్దిగా నడక మొదలుపెట్టొచ్చని డాక్టరు చెప్పాడు. నేను మొదలుపెట్టలేదు. మొదటిసారి ఎంత కష్టమో తెలియక మొదలుపెట్టాను. ఈసారి తెలుసు. ఇంత చేసి ఇంత తేలిగ్గా పోయేదానికి మళ్ళీ చేయడమెందుకని గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆయన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గుమ్మంలో నిలబడి చూసి దిగిపోయేవాడు. ఏమైనా అంటే ఏమవుతుందోనని ఆయన భయం.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం కింద ఆటో ఆగిన చప్పుడు, ఆ వెంటనే మిషను ఆగిన చప్పుడు వినిపించాయి. జనం ఉన్నప్పుడు మా ఆయన మిషను ఆపడు. "రాండి, రాండి, పిండి అంటుతాది, ఇట్ల రాండి" అని ఆయన గొంతు వినిపించింది. మెట్ల మీద నింపాదిగా బూట్ల చప్పుడు. మా వదిన వచ్చింది. పెళ్ళిచూపుల తర్వాత ఆమె మా ఇంటి మెట్లెక్కడం అదే మొదటిసారి.

చేతిలోని స్టీలు డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మోకాలు ఎట్లుండాది వదినా?" అన్నాను.

"ఏ మోకాలండీ?" అంది. వెంటనే గుర్తొచ్చి, "ఆఁ, అదా, తగ్గిందండీ" అంది. తర్వాత లేచి నిలబడి, "లేవండి" అంది.

"రేపు లేస్తా."

"రేపు మళ్ళీ లేద్దురుగాని. ఇప్పుడు వంటింటి దాకా వెళ్ళొద్దాం."

చెయ్యి పట్టుకుని లేపింది. మంచం నుంచి వంటింటి దాకా నడిచాం. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. అది నాకు భయంగా అనిపించింది. ఈమె ఇలా ఉందంటే డాక్టరు నా గురించి ఏదో చెప్పి ఉంటాడనుకున్నాను.

"మాట్లాడండి వదినా" అన్నాను.

"మాట్లాడాల్సింది మీరటండీ. నిన్న ఆ ఫిజియో అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ఇన్నాళ్ళూ మీ వంతు కూడా నేనే మాట్లాడేశాను." ఆమె గొంతులో తప్పు చేసిన భావం కంటే, పాఠం తప్పు చెప్పానన్న చిరాకు ఎక్కువగా ఉంది. "మాట్లాడండి. తిట్టాలనుంటే తిట్టండి. మధ్యలో ఆగితే నేను ఆగుతాను."

"కూచుంటా" అన్నాను. నా ఊపిరికి ఆ ఒక్క మాటే వచ్చింది.

వంటింటి పీట మీద కూర్చోబెట్టి, తాను గట్టుకు ఆనుకుని నిలబడింది. కింద మిషను మళ్ళీ మొదలై గిన్నెలు సన్నగా అదురుతున్నాయి. ఆమె ఆ గిన్నెల వైపు చూస్తూ చెప్పింది.

"మీరు ఆరోజు అన్నది నిజమేనండి. మా ఇంట్లో తెలుగులో మాట్లాడేది నేనొక్కదాన్నే. నేను మాట్లాడితే వాళ్ళు ఫోన్‌లోంచి తలెత్తి, ఏంటమ్మా అంటారు. మళ్ళీ చెబితే అదే ఏంటమ్మా. ట్రాక్ మీద మీరు పూర్తిగా వింటున్నారనుకున్నాను. మీరు మాట్లాడనిది ఆయాసం వల్లని నాకు తట్టలేదు."

నేను విన్నాననీ, హెడ్మాస్టరుకు రాని సంధులు కూడా గుర్తున్నాయనీ చెప్పాలనిపించింది. గాలి సరిపోలేదు. తల ఊపాను.

"అయినా ఉండాది అనేది మాత్రం తప్పేనండీ" అంది ఆమె. "వ్యాకరణం ఒప్పుకోదు."

నాకు కోపం వచ్చింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఒంట్లోకి ఏదో వచ్చినట్టయింది. గోడ పట్టుకుని లేచాను. వంటింటి నుంచి మంచం దాకా నడుస్తూ, రెండు మాటలకొకసారి ఆగుతూ, ఆమె వ్యాకరణాన్ని ఏం చేయాలో చెప్పాను. చెప్పడం పూర్తికాక ముందే మంచం వచ్చేసింది. మిగిలింది రేపు చెప్పమంది.

అలా రోజూ మధ్యాహ్నం వచ్చేది. మంచం నుంచి వంటిల్లు, వంటింటి నుంచి వరండా, కొన్నాళ్ళకు మెట్లు. మా ఆయన ఆమె రాగానే మిషను ఆపేవాడు, పైకి ఎక్కేదాకా దుమ్ము లేవకూడదని. మేము మెట్లు దిగడం మొదలుపెట్టాక ఆయన మిషను గదికి గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాను బిగించాడు. ఎన్నో ఏళ్ళుగా బిగిస్తాననుకుంటున్న ఫ్యాను అది. ఇప్పుడు నన్ను ఆ గది గడప కూడా దాటనివ్వడు. గడప ఇవతల నిలబడి నేను అరవచ్చు, అంతే.

ఎండలు మొదలయ్యేసరికి మళ్ళీ వైట్‌ఫీల్డ్ ట్రాక్ మీదికి వెళ్ళాం. ఆ తర్వాత డాక్టరు ఊపిరి పరీక్ష చేయించాడు. గొట్టంలోకి బలంగా ఊదే పరీక్ష. కిందటేడు ఎంత వచ్చిందో, ఈ ఏడు కూడా దాదాపు అంతే వచ్చింది. మా ఆయన రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంత నడిస్తే ఇంతేనా?" అన్నాడు.

"ఊపిరితిత్తులు మారవండీ" అన్నాడు డాక్టరు. "మిగతా మనిషి మారింది. ఉన్న గాలితో కాళ్ళు ఎక్కువ పని చేస్తున్నాయి. మెట్లు ఎక్కుతున్నారా? జడ వేసుకుంటున్నారా? అదే రిపోర్టు."

ఇంటికొస్తుంటే మా ఆయన ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఎంత నడిచినా అందని చోట కూచోనుండాది జబ్బు" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట వినడం నాకు అరుదు.

అలసట పూర్తిగా పోలేదు. కొన్ని రోజులు పొద్దున లేస్తూనే తెలుస్తుంది, ఈరోజు ఒంట్లో ఏమీ లేదని. అలాంటి రోజు తక్కువ నడుస్తాను, ఎక్కువ కూర్చుంటాను. కానీ వెళ్ళడం మానను. మానితే వదిన కాడుగోడికి వచ్చేస్తుంది. ఆమె వస్తే సాయంత్రం దాకా పోదు.

ఈ వారమంతా వాన. ట్రాక్ తడిసి జారుతోందని, క్లబ్ హౌస్‌లోని పొడుగాటి నడవాలో అటూ ఇటూ తిరుగుతున్నాం. అక్కడ గోడలకు కొట్టుకుని మాటలు రెండింతలు వినిపిస్తాయి. నిన్న నేను, పప్పులో చింతపండు వేస్తే అది పప్పేనా సాంబారా అన్న విషయం మీద ఆమెకు జవాబు చెబుతూ, ఊపిరి కోసం ఆగి కాఫీ ఊదుకుంటున్నాను. ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు కొట్టుకుంటున్నారని ఎవరు చెప్పారో, సెక్యూరిటీ అతను తడిసిన గొడుగుతో పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

"వాకింగ్" అంది మా వదిన.